ముందుగా వెల చెల్లించిన మాట

దూరమునకు పంపెడు మాటకు వెల యుండుట క్రొత్త సంగతి కాదు. ఆ వెలను ఎవరు, ఎప్పుడు చెల్లించవలెననునదియే తగవు. 1854వ సంవత్సరము అక్టోబరు 1వ తేది నుండి మన దేశమున బిళ్ళ యంటించిన పావు తులము ఉత్తరము అర్ధణాకే ఎంత దూరమైనను పోయెడిది. బిళ్ళ లేనిది బేరింగు. అందుకొన్నవాడు ఇబ్బడి రుసుము నిచ్చుకొనవలెను. కవరుమీది గుర్తును జూచి క్షేమమని గ్రహించి, ఉత్తరమును త్రిప్పిపంపు గడుసువారును లేకపోలేదు.

టెలిఫోనునకు ఈ పద్ధతి చాల ఆలస్యముగా వచ్చినది. 1976లో ఇటలీయందును, 1982లో జపానునందును, నాణెములకు మాఱుగా యంత్రములో దూర్చెడు కార్డులు వెలసినవి. పిమ్మట వచ్చిన గీకుడు కార్డు వేఱు జాతిది. గోటితో గీకినచో కొన్ని అంకెలు బయటపడును. వానిని ఫోనులో నొక్కినంతనే, ఎచ్చటనో యున్న కంప్యూటరు మన ఖాతాను తెఱచి, ఇన్ని నిమిషములు కలవని పలుకును. కార్డు వట్టి అట్టముక్క. విలువయంతయు ఆ అంకెలదే.

మన దాచేపల్లి వంటి యూళ్లలో ఎస్.టి.డి. బూతునకు పోయి, మాటాడిన పిదప మీటరు చూచి రొక్కమిచ్చెడివారము. అమెరికా చేరిన మన పిల్లలు అట్లు గాక, ముందే డాలర్లు పోసి కార్డులు కొనిరి. అప్పు బాధ తప్పినది, నిజమే. కాని గుంటూరు మిర్చి యార్డులో కాటా చూడక సొమ్ము ముట్టజెప్పువాడుండునా? కార్డు కొన్నవానికి కాటా కనబడదు. నడుమ తగులు రుసుములు, గడువు తీఱుట చిన్న యక్షరములలో దాగియుండెడివి. 2008లో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇట్టి కార్డులమ్ము కొందఱిపై వ్యాజ్యము వేసినది. పరీక్షింపగా, ప్రకటించిన నిమిషములలో ఇంచుమించు సగమే దక్కినవట! మోసపోయినవారిలో పెక్కుమంది కూలినాలి చేసికొను వలసజనులు. అప్పిచ్చిన వర్తకుడైనచో బాకీకై వెంటబడును. ముందే సొమ్మిచ్చిన బీదవాడు ఎవ్వని వెంటబడగలడు?

ఇచ్చటి తల్లిదండ్రులు వేఱొక యుపాయము కనిపెట్టిరి. ఒకమాఱు మ్రోగించి పెట్టివేయుటయే! దానినే మిస్డు కాలనిరి. బేరింగు ఉత్తరమునకు ఇది మనుమడు. అచ్చట కుమారుడు కార్డు గీకి తిరిగి పలుకును. 2003 మే 1 నుండి మన దేశపు సెల్‌ఫోనులకు వచ్చు పిలుపులపై రుసుము పోగా, ముసలివారికి మఱింత సులువైనది. తరువాత అంతర్జాలముపై మాటయే కాక ముఖము గూడ కనబడుచు వచ్చుటచే, విదేశములకు పలుకు కార్డుల బేరము సన్నగిల్లినది.