బంగాళాదుంప చరిత్రము – విత్తనవిద్య

మన దేశమున బంగాళాదుంప కూర వండని గృహము అరుదు. కోస్తా జిల్లాలవారు దీనిని బంగాళాదుంప యందురు. తెలంగాణమువారు ఆలుగడ్డ యందురు. రాయలసీమలో ఉర్లగడ్డ యని వాడుక. పేరులిన్ని యున్నను ఈ దుంప మన దేశమున పుట్టినది కాదు. దక్షిణామెరికాలోని ఆండీసు పర్వతములపై నివసించు జనులు వేలకొలది సంవత్సరముల క్రిందటనే దీనిని సాగుచేసిరి. వారు ఒక్క రకమును నమ్ముకొని యుండలేదు. ఒక పొలముననే పలు రంగుల, పలు రుచుల దుంపలను కలిపి నాటెడివారు. మంచుకు ఒకటి చచ్చిన మరియొకటి బ్రతుకును గదా! దుంపను ఓడలపై తెచ్చుకొన్న ఐరోపావారు ఈ యాచారమునందలి వివేకమును మాత్రము తెచ్చుకొనలేదు. ఆ లోపమునకు మూల్యము చెల్లించినది ఐర్లండు దేశము.

19వ శతాబ్ది తొలిభాగమున ఐర్లండులోని పేదకుటుంబములకు దుంపయే అన్నము. మంచిభూములు దొరల వశమున నుండెను. కౌలుదారునకు మిగిలిన చిన్నచెక్కలో ఇంటిల్లిపాదిని పోషింపగల పైరు దుంప యొక్కటే. అందులోను ‘లంపర్’ అను రకమునే విశేషముగా నాటుచుండిరి. దుంపను ముక్కలుగా కోసి నాటుటవలన ప్రతి మొక్కయు తల్లిమొక్కకు అచ్చుగ్రుద్దినట్లుండును. ఒకదానిని చంపు తెగులు అన్నిటిని చంపును. 1845వ సంవత్సరమున సముద్రము దాటివచ్చిన తెగులు ఆకులను మాడ్చి, భూమిలోని దుంపలను కుళ్లబెట్టెను. మరుసటియేడు పంట దాదాపు పూర్తిగా నశించెను. ఆకలిచేతను, దాని వెంట వచ్చిన జ్వరములచేతను సుమారు పది లక్షలమంది మరణించిరి. అంతకు తక్కువకాని సంఖ్యలో దేశము విడిచిపోయిరి. 1841 జనాభాలెక్కలలో 81 లక్షలు దాటియుండిన ప్రజ 1851 నాటికి 65 లక్షల చిల్లరకు తగ్గెను. ఆ కరవు దినములయందే ఐర్లండు రేవులనుండి ధాన్యము ఇంగ్లండునకు ఎగుమతి యగుచుండెను. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

ఆనాటి ప్రభుత్వము నియమించిన పండితులు ఈ కుళ్లునకు తడి కారణమని తలచి, దుంపలను ఆరబెట్టుడని చెప్పిరి. ఆ యుపాయము పనికిరాలేదు. కొందరు దైవకోపమనిరి. మైల్సు బర్క్లీ అను ఆంగ్ల క్రైస్తవాచార్యుడు మాత్రము సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఆకులపై కనబడు బూజే తెగులునకు హేతువని 1846లో వ్రాసెను. పెక్కురు నమ్మలేదు. దైవమును కొలుచు వృత్తిలోనున్నవాడే ప్రకృతికారణమును వెదకుట గమనింపదగినది. తరువాత జర్మను శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ ప్రయోగములచే దానిని రుజువుచేసి, 1876లో ఆ సూక్ష్మజీవికి ఫైటాఫ్తొరా యని పేరిడెను. ఫ్రాన్సుదేశపు ద్రాక్షతోటలకై 1885 ప్రాంతమున రూపొందిన బోర్డో మిశ్రమము, అనగా మైలుతుత్తమును సున్నమును కలిపిన మందు, దుంపపైరునకును కొంత రక్షణ కలిగించెను.

మందు చల్లుటకంటె తెగులును తానే ఎదిరించు మొక్కను సాధించుట మేలని తలచి, 20వ శతాబ్దిలో శాస్త్రజ్ఞులు మెక్సికోలోని అడవిదుంపలను సాగుదుంపలతో సంకరము చేసిరి. కొంతకాలము జయము కలిగెను. కాని తెగులు తన స్వభావమును మార్చుకొని ఆ నిరోధమును దాటెను. మరియు సాగుదుంపయందు ప్రతి జన్యువునకును నాలుగేసి ప్రతులుండుటచే, సంకరమున వెంటవచ్చు అడవిగుణములను వేరుచేయుటకు ఏండ్లు పూండ్లు పట్టును.

ఈ జాగును తగ్గించుటకే నూతన జన్యువిద్య పూనుకొన్నది. 1995లో అమెరికాలో, పెంకుపురుగును చంపు సూక్ష్మజీవి జన్యువును చేర్చిన ‘న్యూలీఫ్’ దుంప విపణికి వచ్చెను. పెద్ద కొనుగోలుదారులు జంకుటచే 2001లో నిలిచిపోయెను. 2003లో మెక్సికో అడవిదుంపనుండి తెగులు నెదిరించు జన్యువు నొకదానిని వేరుచేసి సాగుదుంపలో నిలిపిరి. 2011లో దుంప జన్యుక్రమము ప్రకటింపబడెను. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయెల్ షార్పెంటియర్ అను నిద్దరు విదుషీమణులు ‘క్రిస్పర్’ పద్ధతిని వెల్లడించి, 2020లో నోబెలు బహుమానము నందిరి. జన్యుమార్పిడి యనగా వేరొక ప్రాణి జన్యువును తెచ్చి చేర్చుట. ఈ సవరణ యనగా, వ్రాతప్రతిలో అక్షరమును దిద్దినట్లు, మొక్కకు గల జన్యువునే దిద్దుట. స్వీడను దేశమున ఈ పద్ధతిచే నాలుగు ప్రతులను ఒక్కమారే దిద్ది, దుంపలోని పిండి గుణమును మార్చిరి.

మన దేశమును ఊరకుండలేదు. ఢిల్లీలో ఆశిశ్ దత్తా బృందమువారు తోటకూరజాతి జన్యువును దుంపలో చేర్చి మాంసకృత్తులను పెంచితిమని 2000లో ప్రకటించిరి; అది రైతు పొలమునకు చేరలేదు. 2022లో భారతప్రభుత్వము పరాయిజన్యువు మిగులని సవరణపైరులకు కొన్ని నిబంధనలను సడలించెను. 2025లో హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థవారు సాంబమసూరిని సవరించి సాధించిన ‘కమల’ యను వరి ప్రకటింపబడెను. కావున ఈ ప్రశ్న మన కంచము కడకును వచ్చినది.

దీనిని ప్రకృతివిరుద్ధమని భయపడువారు కొందరు. సర్వదుఃఖనివారిణి యని పొగడువారు మరికొందరు. ఇరువురును ఐర్లండు చరిత్రమును చదువవలెను. తెగులు నెదిరించు దుంప 1845లో నుండినచో లక్షలమంది బ్రతికియుందురు. అట్టి విద్యను వెలివేయుట కారుణ్యము కాదు. అయినను ఆ పేదలను చంపినది బూజు మాత్రమే కాదు. భూమి వారిది గాకపోవుట, ఒక్కరకమునే నమ్ముకొనుట, పండిన ధాన్యము వారి నోటి కందకపోవుట — వీనిని ఏ సవరణయు దిద్దజాలదు. సవరించిన విత్తనమునకు హక్కుదారుడెవడు? రైతు దానిని మరుసటి యేటికి దాచుకొనవచ్చునా? దేశమంతట నొక్కరకమే నిండిపోవునా? పరీక్షాఫలితములు ప్రజలకు తెలియజేయుదురా? చదువుకొన్న ప్రతి గృహస్థుడును, గృహిణియు ఈ నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ప్రత్యుత్తరము వచ్చువరకు అడుగవలెను. ఆండీసు కొండలయందలి రైతు తన పొలమున పలురకములు నాటుటలోనే వీనిలో నొకదానికి ప్రత్యుత్తరము చెప్పియున్నాడు. తక్కిన మూడును మనవంతు.