ఇసుకలో పాతిపెట్టిన కారు

విద్యార్థులారా, చరిత్ర పాఠమంటే మనకు రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకొస్తాయి. ఒక యంత్రానికి కూడా చరిత్ర ఉంటుంది. అది ఎక్కడ పుట్టింది, ఎవరి చేతులు మారింది, చివరికి ఎక్కడ చేరింది అని వెతుక్కుంటూ పోతే శాసనం చదివినంత పని పడుతుంది. ఈ పాఠంలో అలాంటి ఒక యంత్రం వెంట వెళదాం. అది ఒక పందెపు కారు. 1927లో దాన్ని సముద్రపు ఒడ్డున గొయ్యి తీసి పాతిపెట్టారు. 42 ఏళ్ల తరువాత ఒక ఇంజనీరింగు అధ్యాపకుడు దాన్ని తవ్వి తీశాడు.

ముందుగా ఒక మాట. మలుపులు లేని దారిలో, ఒకే సరళరేఖలో ఎవరు వేగంగా పోతారన్న పోటీ మనుషులకు ఎప్పటినుంచో ఇష్టం. అమెరికాలో 1950ల నుంచి బాగా పెరిగిన డ్రాగ్ రేసింగు అటువంటిదే. రెండు కార్లు నిలిచిన చోటునుంచి బయలుదేరి పావుమైలు, అంటే సుమారు 402 మీటర్లు పరుగెత్తుతాయి. ఆ క్రీడలో పేరున్న డాన్ గార్లిట్స్ తన ‘స్వాంప్ ర్యాట్ 30’ అనే కారును 1987లో స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. యజమానే తీసుకెళ్లి అప్పగించిన వస్తువును వెతకవలసిన పని లేదు. మనం చూడబోయే కారు ఆ క్రీడకు ముందుతరానిది. పోటీ పక్కన ఉన్న కారుతో కాదు, గడియారంతో. భూమి మీద అత్యధిక వేగం ఎంత అన్నదే ప్రశ్న.

కథ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, కాంటర్‌బరీ ఊరి దగ్గరున్న హైయమ్ అనే భవనంలో మొదలవుతుంది. దాని యజమాని కౌంట్ లూయీ జ్బరోవ్‌స్కీ. బాగా ధనవంతుడు, కార్ల పిచ్చివాడు. తండ్రి ఎలియట్ కూడా పందేలవాడే. 1903లో ఫ్రాన్సులో లా టర్బీ కొండదారి పోటీలో మరణించాడు. అయినా కొడుకు మానలేదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక విమానాల ఇంజన్లు అగ్గువకు దొరికేవి. జ్బరోవ్‌స్కీ వాటిని కొని కార్లకు బిగించేవాడు. ఇలా తయారుచేసిన మొదటి కారు పేరు ‘చిట్టీ బాంగ్ బాంగ్’. తరువాత ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన పిల్లల పుస్తకానికి ఆ పేరు దీని నుంచే వచ్చింది.

ఈ వరుసలో అన్నిటికన్నా పెద్దది ‘హైయమ్ స్పెషల్’. దానికి బిగించింది లిబర్టీ ఇంజను. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగినప్పుడు ఇద్దరు ఇంజనీర్లు, జెస్సీ విన్సెంట్, ఎల్బర్ట్ హాల్, వాషింగ్టనులోని ఒక హోటలు గదిలో కూర్చుని వారం లోపల దీని నమూనా గీశారని ప్రసిద్ధి. 12 సిలిండర్లు, 27 లీటర్ల పరిమాణం, 400 అశ్వశక్తికి పైగా సామర్థ్యం. 27 లీటర్లంటే ఎంతో పోల్చి చూడండి. 2014లో తయారీ ఆగిపోయేదాకా మన రోడ్ల మీద ఎక్కడ చూసినా కనిపించిన మారుతి 800 ఇంజను పరిమాణం 0.8 లీటరు. అటువంటి దాదాపు 34 ఇంజన్లు కలిస్తే ఈ ఒక్క ఇంజను. బలాన్ని వెనుక చక్రాలకు అందించడానికి సైకిలుకు ఉన్నట్టే రెండు పక్కలా గొలుసులు. ఈ గొలుసులను గుర్తుంచుకోండి, మళ్లీ వీటి దగ్గరికే వస్తాం.

1924 అక్టోబరులో ఇటలీలోని మోంజాలో జరిగిన గ్రాండ్ ప్రి పందెంలో మెర్సిడెస్ కారు నడుపుతూ జ్బరోవ్‌స్కీ చెట్టుకు గుద్దుకుని మరణించాడు. ఆయన వదిలిపోయిన ఆస్తిలో హైయమ్ స్పెషల్ కూడా ఒకటి. దాన్ని 125 పౌన్లకు కొన్నవాడు జాన్ గాడ్‌ఫ్రీ ప్యారీ-థామస్.

ఈయన రకం వేరు. వేల్స్‌లోని రెక్సమ్‌లో ఒక మతగురువు కొడుకుగా పుట్టాడు. లండనులో ఇంజనీరింగు చదివి, లేలండ్ మోటార్సులో ప్రధాన ఇంజనీరుగా ఉండి, లేలండ్ ఎయిట్ అనే కారును రూపొందించాడు. తరువాత ఆ ఉద్యోగం వదిలి బ్రూక్‌లాండ్స్ పందెపు మైదానంలోనే ఒక చిన్న ఇంట్లో కాపురం పెట్టాడు. జ్బరోవ్‌స్కీకి కారు ఒక సరదా. థామస్‌కు అది లెక్క తేలవలసిన ప్రశ్న. కొన్న కారును అలాగే నడపలేదు. తాను రూపొందించిన పిస్టన్లు వేశాడు, నాలుగు కార్బ్యురేటర్లు బిగించాడు, బాడీ మార్చాడు. పేరు కూడా మార్చి ‘బాబ్స్’ అన్నాడు.

ఇక రంగస్థలం పెండైన్. వేల్స్ దక్షిణ తీరంలో కార్మార్థెన్ అఖాతం ఒడ్డున ఉన్న చిన్న పల్లె. అక్కడ సముద్రం వెనక్కి తగ్గినప్పుడు సుమారు 11 కిలోమీటర్ల పొడవున తడి ఇసుక గట్టిపడి, చదునైన నేలగా మిగులుతుంది. ఆ కాలంలో అంత నిడివిగల తిన్నని రోడ్డు బ్రిటన్‌లో దొరకదు. అయితే ఆటుపోట్ల మధ్య దొరికే కొద్ది గంటల్లోనే పని ముగించాలి. ఒకవైపు పరుగు చాలదు. గాలి వాలు లాభం లేకుండా రెండు దిక్కులా పరుగెత్తి సగటు తీయాలి.

అప్పటి అంకెలు వరుసగా చూస్తే పోటీ ఎంత బిగువుగా సాగిందో తెలుస్తుంది. 1924 సెప్టెంబరులో మాల్కమ్ క్యాంప్‌బెల్ ఇదే పెండైన్‌లో గంటకు 146.16 మైళ్లు సాధించాడు. 1926 మార్చిలో హెన్రీ సీగ్రేవ్ సౌత్‌పోర్ట్ ఒడ్డున 152.33 మైళ్లకు చేరాడు. ఒక నెల గడిచేసరికి, ఏప్రిల్ 27న బాబ్స్ 169.30 మైళ్ల వేగం నమోదు చేసింది. ఒక్కసారిగా 17 మైళ్ల పెంపు! మరునాడే థామస్ తన రికార్డును తానే సవరించి 171.02 మైళ్లకు తెచ్చాడు. మన లెక్కలో గంటకు సుమారు 275 కిలోమీటర్లు. 125 పౌన్లకు కొన్న పాత కారుతో ఈ పని చేశాడంటే, నా దృష్టిలో అది డబ్బు మీద బుర్ర సాధించిన గెలుపు.

1927 ఫిబ్రవరి 4న క్యాంప్‌బెల్ ‘బ్లూ బర్డ్’ అనే కొత్త కారుతో 174.88 మైళ్లు సాధించి రికార్డును వెనక్కి తీసుకున్నాడు. తేడా నాలుగు మైళ్లు కూడా లేదు. మార్చి 3న థామస్ మళ్లీ పెండైన్ ఇసుక మీదకు వచ్చాడు. ఆ రోజు పరుగుల్లో ఒకదానిలో, మంచి వేగంలో ఉండగా, బాబ్స్ అదుపు తప్పి బోల్తా పడింది. థామస్ అక్కడికక్కడే మరణించాడు. తల భాగంలో తీవ్రమైన గాయం. భూవేగ రికార్డు కోసం ప్రాణం పోగొట్టుకున్న మొదటి డ్రైవరు ఆయన.

ఆయన్ను బ్రూక్‌లాండ్స్ దగ్గర బైఫ్లీట్ చర్చి ఆవరణలో ఖననం చేశారు. కారును మాత్రం పెండైన్‌లోనే ఇసుకదిబ్బల్లో గొయ్యి తీసి పాతేశారు. ఇక్కడ చాలామంది పొరపడతారు. అక్కడ పాతింది కారునే, మనిషిని కాదు. అయినా ఊరివారి మనసులో ఆ చోటు సమాధి లాంటిదే అయింది.

ఎందుకు జరిగింది? ఒక జవాబు వెంటనే స్థిరపడిపోయింది. కుడివైపు గొలుసు తెగి, ఎగిరి, డ్రైవరు మెడకు తగిలిందని. గాయం చూస్తే నమ్మదగినట్టే ఉంది. గొలుసు తిరిగే పళ్ల చక్రాలు డ్రైవరు కూర్చునే చోటుకు పక్కనే ఉంటాయి. వార్త వెలువడిన రోజుల్లోనే సీగ్రేవ్ అమెరికాలోని డేటోనా తీరంలో పరుగుకు సిద్ధమవుతున్నాడు. ఆయన సన్‌బీమ్ కారు కూడా గొలుసులతో నడిచేదే! ఆ మానసిక స్థితి ఊహించుకోండి. అయినా మార్చి 29న ఆయన 203.79 మైళ్ల వేగంతో, భూమి మీద 200 మైళ్లు దాటిన మొదటి మనిషి అయ్యాడు. ఆ కారు తరువాత ఇంగ్లండులోని బ్యూలీ జాతీయ మోటారు మ్యూజియానికి చేరింది. థామస్ కారు సంగతి మాత్రం ‘గొలుసు తెగింది’ అన్న వాక్యంతో ముగిసిపోయింది. సాక్ష్యం మట్టి కింద ఉంది కాబట్టి ఆ వాక్యాన్ని ఎవరూ పరీక్షించలేకపోయారు.

తరువాతి కాలంలో ఆ తీరం సైన్యం వారి ఆయుధ పరీక్షా క్షేత్రమైంది. కారు పాతిన చోటు ఆ క్షేత్రం లోపలికి వెళ్లిపోయింది. అలా ఒక తరం గడిచింది.

1960ల చివరలో ఉత్తర వేల్స్‌లోని బ్యాంగర్ సాంకేతిక కళాశాలలో ఇంజనీరింగు బోధించే ఓవెన్ విన్ ఓవెన్‌కు ఈ కారును బయటికి తీయాలన్న పట్టుదల కలిగింది. పలుగు, పార పట్టుకుని వెళితే సరిపోయే పని కాదది. స్థలం సైన్యానిది, కనుక రక్షణశాఖ అనుమతి కావాలి. వస్తువు మరణించినవారిది, కనుక థామస్ బంధువుల సమ్మతి కావాలి. ఊళ్లో అందరికీ ఇష్టం లేదు. ఒక మనిషి ప్రాణం పోయిన యంత్రాన్ని కదపడం ఏమిటన్నది కొందరి బాధ. ఆ బాధను నేను తేలిగ్గా తీసిపారేయలేను. మన ఊళ్లలో కూడా చావు జరిగిన బావిని పూడ్చేస్తారు, మళ్లీ తవ్వనివ్వరు. అయితే పూడ్చినచోటే ప్రశ్న కూడా పూడిపోతుందన్నది కూడా నిజం.

1969 మార్చిలో బాబ్స్ వెలుగు చూసింది. 42 ఏళ్ల తడి, ఉప్పు! ఉప్పునీరు విద్యుత్ వాహకం కాబట్టి తుప్పు పట్టే రసాయన చర్యను వేగవంతం చేస్తుందని మీరు రసాయనశాస్త్రంలో చదివే ఉంటారు. పలుచని బాడీ రేకు చాలా మటుకు తినేసింది. మందమైన యంత్రభాగాలు కొన్ని ఆశ్చర్యంగా నిలిచాయి. ఓవెన్ వాటిని తన ఇంటికి తరలించి, పోయిన భాగాలను ఒక్కొక్కటీ తిరిగి చేయిస్తూ, సుమారు పదిహేనేళ్లు శ్రమపడ్డాడు. చివరకు ఆ లిబర్టీ ఇంజను మళ్లీ గర్జించింది.

అసలు విషయం భాగాలను పరిశీలించినప్పుడు బయటపడింది. గొలుసు కథ అనుకున్నంత సూటిగా లేదు. కుడివైపు వెనుక చక్రమే మొదట విఫలమై ఉండవచ్చన్న అభిప్రాయం దానివల్ల బలపడింది. ఇది ఎలా సాధ్యమో మనమే ఒక లెక్క వేద్దాం. వేగం గంటకు 275 కిలోమీటర్లు, అంటే సెకనుకు సుమారు 76 మీటర్లు. చక్రం వ్యాసార్థం 40 సెంటీమీటర్లు అనుకుందాం. అంచు దగ్గర కేంద్రాభిముఖ త్వరణం కావాలంటే వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగించాలి. 76ను 76తో హెచ్చించి 0.4తో భాగిస్తే సుమారు 14,400 వస్తుంది. గురుత్వ త్వరణం 9.8 కాబట్టి, ఇది దానికి దాదాపు 1,470 రెట్లు! చక్రం అంచులోని ఒక్కొక్క గ్రామును పట్టి ఉంచడానికి కిలోన్నర బరువు మోసినంత బలం కావాలి. ఆ బలాన్ని మోయవలసినవి ఆనాటి సన్నని స్పోకులు, టైరులోని నూలు పోగులు. వేగం రెట్టింపయితే ఈ బలం నాలుగింతలవుతుందని కూడా గమనించండి.

చక్రం కూలితే వెనుక భాగం ఒక్క కుదుపుతో కిందికి దిగుతుంది. గొలుసు పట్టిన రెండు పళ్ల చక్రాలు ఒకే వరుసలో ఉండవు. అప్పుడు గొలుసు తెగవచ్చు, అది డ్రైవరును తాకవచ్చు కూడా. అంటే గొలుసు తెగడం కారణం కాక, ఫలితం అయి ఉండవచ్చు. తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు వెంటనే ‘అయితే గొలుసు కథ అబద్ధమా, సార్?’ అని అడుగుతారు. అబద్ధం అనను. గాయాన్ని చూసినవారు చూసినదే చెప్పారు, కానీ దాని ముందు ఏం జరిగిందో చూడలేదు. చక్రం సిద్ధాంతం కూడా తిరుగులేని తీర్పు కాదు. 40 ఏళ్ల తుప్పు పట్టిన వస్తువు ఇచ్చే సాక్ష్యానికి ఒక హద్దు ఉంటుంది. ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెబుతున్నారు, వారిలో ఒకరు ఇనుముతో చేసినవారు, అంతే.

ఇంకొక చిక్కు ప్రశ్న ఉంది. ఇది అదే కారా? బాడీ కొత్తది, ఎన్నో భాగాలు కొత్తవి. అయితే థామస్ కాలంలో కూడా ఇది మొదటి కారు కాదు కదా! అమెరికా ఇంజను, జ్బరోవ్‌స్కీ కట్టించిన చట్రం, థామస్ మార్చిన పిస్టన్లు, ఓవెన్ చేయించిన రేకు. పందెపు కార్ల చరిత్ర రాసేవారికి ఇది రోజువారీ తలనొప్పి. ఏ వారం ఏ ఇంజను, ఏ చక్రం బిగించారో కాగితాల మీద ఉండదు. బాబ్స్ విషయంలో అదృష్టమేమిటంటే, 1927 మార్చి తరువాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అమ్మి, కోసి, వేరే కారుకు అతికించి ఉంటే చక్రం గురించి పైన చెప్పుకున్న చర్చకు తావే ఉండేది కాదు. దాచడానికి చేసిన పనే దాన్ని కాపాడింది.

ఓవెన్ 2012లో కన్నుమూశాడు. పెండైన్‌లో 1996లో వేగ మ్యూజియం తెరిచారు. దాని స్థానంలో కట్టిన కొత్త భూవేగ మ్యూజియం 2023లో ప్రారంభమైంది. వేసవి నెలల్లో బాబ్స్‌ను అక్కడ ప్రదర్శిస్తూ వస్తున్నారు. బ్రూక్‌లాండ్స్ మ్యూజియంలో కూడా అది కొంతకాలం ఉంటూ వచ్చింది. థామస్ ఇల్లు ఉన్న చోటు అదే. పెండైన్ మ్యూజియం మెట్ల దగ్గర నిలబడితే, సముద్రం వెనక్కి తగ్గిన వేళ, ఆ తడి ఇసుక దారి ఎదురుగానే కనిపిస్తుంది.