సెంటుకూ గుంటకూ మధ్య

1956 నవంబరు 1న ఆంధ్ర, తెలంగాణ ఒకే రాష్ట్రమయ్యాయి గానీ, వాటి భూమి లెక్కలు ఒకటి కాలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ వారసత్వమున్న జిల్లాల్లో ఎకరమంటే 100 సెంట్లు, నిజాం ఏలిన జిల్లాల్లో 40 గుంటలు. 2014లో రాష్ట్రం విడిపోయేనాటికీ అదే తీరు.

దేశపటానికి ఉమ్మడి కొలత అంతకు చాలా ముందే వచ్చింది. 1802లో మద్రాసు వద్ద లాంబ్టన్ ప్రారంభించిన త్రికోణమితి సర్వే హిమాలయాల దాకా సాగింది. సైన్యానికీ పాలనకూ కావలసిన ఆ పటం రైతు గట్టు వరకూ దిగలేదు. గట్టును కొలిచింది రెవెన్యూ గొలుసే. రెండింటికీ ముడిపడలేదు.

2005 జాతీయ పటాల విధానం పౌర వినియోగ పటాలను డబ్ల్యూజీఎస్-84 పద్ధతికి మార్చింది. పాత ఎవరెస్టు పద్ధతిలోని అక్షాంశ రేఖాంశాలను మార్చకుండా దానిపై గుర్తిస్తే హైదరాబాదు ప్రాంతంలో తేడా వంద మీటర్లు దాటుతుంది. అరెకరం రైతుకైతే పొలమే మాయమైనట్టు! రెవెన్యూ, అటవీ శాఖల హద్దుల తగాదాలకు పటాల లోపాలూ ఒక కారణమే. తన పటమే ప్రమాణమని ప్రతి శాఖా పట్టుబట్టడం మరో కారణం.

2020లో తెలంగాణ ధరణి పాత దస్త్రాలను క్షేత్ర సర్వే లేకుండానే కంప్యూటరుకెక్కించింది. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ డ్రోన్లతో రీసర్వే చేపట్టి, హద్దురాళ్ల మీదా పాసుపుస్తకాల మీదా ముఖ్యమంత్రి పేరో బొమ్మో వేసింది. 2024లో ప్రభుత్వం మారాక పాసుపుస్తకాలపై రాజముద్ర వచ్చింది. పలువురు రైతుల పొలాలను ఒకే నంబరు కింద చేర్చిన జాయింట్ ఎల్‌పీఎంలపై అర్జీలు మాత్రం కార్యాలయాలకు వస్తూనే ఉన్నాయి.