మంచినీళ్ళ బిందె: పెడన సీమ జలచరిత్ర



మన ప్రాంతపు ఇళ్ళలో నీటికి రెండు పేర్లు ఉన్నవి. ఒకటి మంచినీళ్ళు, రెండవది వాడుక నీళ్ళు. ఈ విభజన పెద్దల చాదస్తమని నేటి పిల్లలు అనుకొనవచ్చును. పెడన, బందరు, గుడివాడ, దివిసీమల నేలను ఎరిగినవారు అట్లా అనరు. సముద్రానికి చేరువలో ఉన్న ఈ భూమిలో చాలచోట్ల బావి త్రవ్వితే ఉప్పునీరే పడుతుంది. త్రాగుటకు యోగ్యమైన జలం ఆకాశం నుండి గాని, కృష్ణ కాలువ నుండి గాని రావలసినదే. మన గృహాలలోని పొదుపు అలవాట్లకు మూలం ఇక్కడ ఉన్నది.

ఆ కాలువ ఎట్లా వచ్చినదో కొంచెం చెప్పుకుందాం. 1832-33లో గుంటూరు సీమను ఘోరమైన కరువు పీడించింది. కృష్ణకు అడ్డకట్ట కట్టవలెనన్న ఆలోచన ఆ తరువాతనే బలపడింది. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో, బెజవాడ వద్ద ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసింది. ఆ కట్టకు 1952లో గండి పడగా, దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి 1957 నాటికి సిద్ధమైంది. కాలువల వలన వరి పండింది, పడవలు నడిచినవి. చరిత్ర గ్రంథాలు ఇంతవరకే చెబుతవి. కాలువ నీరు ఊరి చెరువులో నిండి, అక్కడి నుండి కావడి మీదనో, స్త్రీల చంకనో ఇంటికి చేరిన సంగతి వాటికి అంతగా పట్టలేదు.

వేసవిలో కాలువ కట్టివేస్తారు. అంతకు ముందే చెరువు నింపుకోవలె. మళ్ళీ నీరు వదలేవరకు ఊరంతటికీ అదే ఆధారం. అందుకే మంచినీళ్ళ చెరువులో పశువులను దించకూడదని, బట్టలు ఉతకకూడదని కట్టుబాటు. తెచ్చిన నీటిలో మడ్డి ఉంటే చిల్లగింజ అరగదీసి కలిపేవారు. బిందెలోని నీటిని ముంతతో ముంచుకొనుటయే గాని, చేయి పెట్టుట లేదు. బియ్యం కడిగిన నీరు కుడితి గోలెంలోకి, స్నానపు నీరు అరటి పాదులోకి పోయేవి. గిన్నెలను ముందు బూడిదతో, కొబ్బరిపీచుతో తోమి, ఆ తరువాతనే నీరు ముట్టుకునేవారు. పొదుపు అన్న మాటను ఎవరూ వాడలేదు. అది వారికి ఇంటిపని మాత్రమే.

ఈ నేల మీద మంచినీరు ఎంత పెళుసైనదో ఉప్పెనలు చూపినవి. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పై వేలమంది మరణించారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను చూచినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. సముద్రం ఎక్కివచ్చి తీసిన తరువాత, బ్రతికినవారి ఎదుట నీరు కనుచూపుమేర ఉన్నది, త్రాగుటకు మాత్రం గ్రుక్కెడు లేదు.

పెడనకు మరియొక అక్కర ఉన్నది. అది కలంకారీ. 1611లో ఆంగ్లేయుల ఓడ బందరు రేవుకు వచ్చినపుడే ఈ తీరపు అద్దకం దేశాంతరాలలో ప్రసిద్ధం. కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో తడిపిన గుడ్డ మీద అచ్చు వేసి, పారే నీటిలో ఉతకవలె. నిలిచిన నీటిలో ఉతికితే అదనపు రంగు పట్టరానిచోట పట్టి గుడ్డ చెడుతుంది. కనుక కాలువ తగ్గితే ఇంటి కుండతో పాటు అద్దకపువారి కూలి కూడ తగ్గుతుంది. ఉతికిన నీరు మళ్ళీ ఏ చెరువులో కలుస్తున్నదో చూచుకోవలసిన బాధ్యత ఆ వృత్తికీ ఉన్నది. ఈ మాట మనవారికి రుచింపకపోయినా చెప్పక తప్పదు.

కుళాయి వచ్చిన తరువాత చంకలోని బరువు దిగింది. అది మేలే. స్త్రీలు మళ్ళీ మైళ్ళు నడవాలని ఎవరూ కోరరాదు. అయితే బరువుతో పాటు కొలత కూడ పోయింది. చెంబుతో ముఖం కడిగిన చేయి ఇప్పుడు పంపు విప్పి పళ్ళు తోముకుంటున్నది. క్షణానికొక బొట్టు కారే పంపును లెక్క వేయండి: రోజుకు 86,400 బొట్లు. ఇరవై బొట్లు ఒక మిల్లీలీటరు అనుకున్నా, నాలుగు లీటర్లు దాటుతుంది. దానికి కావలసినది ఒక చిన్న వాషరు.

ఎగువన జలాశయాలు పెరిగినకొద్దీ, వానలు తప్పిన ఏడు కాలువ ఆలస్యం కావడం మనం ఎరుగుదుము. 2015లో పట్టిసీమ నుండి గోదావరి నీటిని ఎత్తిపోసి కృష్ణకు కలుపవలసి వచ్చింది. మన గ్లాసులోని నీరు ఒక్కొక్కప్పుడు రెండు నదులు దాటి వస్తున్నదన్నమాట.

నా చిన్నతనంలో ఎండాకాలం స్నానానికి కూర్చుని ఒక చెంబు ఎక్కువ ముంచితే మా నాయనమ్మ కోప్పడేది కాదు. “చెరువులో ఎన్నో మెట్టు బయటపడిందిరా నాయనా?” అని అడిగేది. నేను లేచి, తుడుచుకుని, చూచివచ్చి చెప్పేవాడిని.