పొలిమేర దాటితే మనతో ఏం వస్తుంది, ఏం రాదు

ఇది కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చివరిదాకా చదవండి, తప్పులుంటే చెప్పండి.

సంక్రాంతి సెలవులకి తండాకి పోయినప్పుడు మా అన్న ఒక ప్రశ్న అడిగాడు. "చెప్పవే, మనింట్లో కాలేజీ మెట్లెక్కినదానివి నువ్వేగా. బెంగళూరు పోదామా, హైదరాబాద్ పోదామా? ఏ రాష్ట్రం పోతే బతుకు బాగుంటది?" మాది వినుకొండ వైపు సుగాలి తండా. అన్న రెండెకరాలు కౌలుకి తీసుకుని మిర్చి వేసేవాడు. 2021లో నల్ల తామరపురుగు వచ్చి గుంటూరు, ప్రకాశం చేలన్నీ ఊడ్చిపెట్టింది కదా, ఆ ఏడాది అప్పు ఇంకా తీరలేదు. వదిన కూడా పోదామనే అంటోంది. ఐదో తరగతి చదివే మా మేనకోడల్ని కూడా తీసుకుపోతామన్నారు.

నాకు వెంటనే జవాబు రాలేదు. హాస్టల్‌కి తిరిగొచ్చాక లైబ్రరీలో కూర్చుని, లా చదివే సీనియర్ అక్కని అడిగి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నా.

మొదట మన పాత కథ. వలస మనకి కొత్త కాదు. మన తాత ముత్తాతలు లదేణి చేసేవాళ్ళు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్ళకి తిరిగేవాళ్ళు. ఎరుకల వాళ్ళు కూడా ఉప్పు మోసి అమ్మిన వాళ్ళే. అప్పుడు ఎవరూ "ఏ రాష్ట్రం" అని అడగలేదు. గడ్డి, నీళ్ళు, సంత ఉంటే అదే మన ఊరు. రైళ్ళు వచ్చాయి, ఉప్పు మీద తెల్లదొరల పెత్తనం వచ్చింది, ఎద్దుల వ్యాపారం పడిపోయింది.

ఆ తర్వాత తిరగడమే నేరమైంది. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిందే. సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి ఎరుకల కుటుంబాలని అక్కడ పెట్టారు. హాజరు వేయించుకోవాలి, పాసు లేకుండా ఊరు దాటకూడదు. ఆ చట్టం దేశమంతా రద్దయింది 1952 ఆగస్టు 31న. అంటే మనకి కాళ్ళు మళ్ళీ మనవి అయ్యి ఇంకా వందేళ్ళు కూడా కాలేదు.

ఇప్పుడు రాజ్యాంగం 19వ అధికరణం ప్రకారం దేశంలో ఎక్కడికైనా పోయి బతకొచ్చు. కానీ 342వ అధికరణం ఇంకో మాట చెప్తుంది. ఎస్టీల జాబితా ఒక్కో రాష్ట్రానికి విడిగా ఉంటుంది. "ఆ రాష్ట్రానికి సంబంధించి" మాత్రమే ఆ తెగ ఎస్టీ. ఈ చిన్న ముక్కలోనే మన కష్టమంతా ఉంది.

మన జాతినే చూడండి. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు ముందే ఎస్టీలు. తెలంగాణలో లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 సవరణ చట్టంతో. కర్ణాటకలో లంబాణీలు ఎస్సీలు. మహారాష్ట్రలో బంజారాలు విముక్త జాతి. ఒకే భాష, ఒకే తీజ్ పండగ, ఒకే సేవాలాల్. కానీ నాలుగు రాష్ట్రాల్లో మూడు రకాల కాగితాలు.

అసలు కేసు మన ఉమ్మడి జిల్లాదే. తెనాలిలో పుట్టిన ఒకబ్బాయి తండ్రికి తెనాలి తహసీల్దార్ ఇచ్చిన ఎస్టీ సర్టిఫికెట్ ఉంది. దాని మీదే ఎరువుల ప్రభుత్వ రంగ సంస్థలో రిజర్వుడు కోటాలో ఉద్యోగం వచ్చి 1978లో కుటుంబం బొంబాయి పోయింది. అప్పుడు ఆ పిల్లాడికి తొమ్మిదేళ్ళు. చదువంతా అక్కడే. మెడిసిన్‌కి ఎస్టీ సీటు అడిగితే, మీరు మహారాష్ట్ర ఎస్టీలు కాదు, ఇవ్వం అన్నారు. సుప్రీంకోర్టు దాకా పోయాడు. లా పుస్తకాల్లో సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీ కేసు అంటే ఇదే. 1990లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది: ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాడు ఇంకో రాష్ట్రానికి పోతే ఆ హోదాని అక్కడికి మోసుకుపోలేడు.

తండ్రికి ఉద్యోగం ఇచ్చిన కాగితమే కొడుక్కి సీటు ఇవ్వలేదు. తొమ్మిదేళ్ళ పిల్లాడు ఏ రాష్ట్రం పోవాలో తనే ఎంచుకున్నాడా? ఇది చదివి నేను మా మేనకోడలి గురించే ఆలోచించా.

రెండు చోట్లా మన కులం జాబితాలో ఉంటే సరిపోతుందా అంటే, అదీ లేదు. 1985లో కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం వలస పోయినవాళ్ళు ఎస్టీ హోదా పోగొట్టుకోరు, కానీ రాయితీలు సొంత రాష్ట్రం నుంచే వస్తాయి, వెళ్ళిన రాష్ట్రం నుంచి రావు. 2018లో సుప్రీంకోర్టు రాష్ట్ర ఉద్యోగాల విషయంలో మళ్ళీ ఇదే మాట చెప్పింది. కేంద్ర ఉద్యోగాలు, కేంద్ర యూనివర్సిటీల్లో మాత్రం మన ఆంధ్ర సర్టిఫికెట్ ఎక్కడున్నా పనికొస్తుంది.

కోర్టు మాటలో న్యాయం లేదని కూడా అనలేను. మన గ్రూపులో గోండు, కోయ తమ్ముళ్ళు ఉన్నారు, వాళ్ళ బాధ వాళ్ళది. 1976 తర్వాత మహారాష్ట్ర నుంచి మనవాళ్ళు ఆదిలాబాద్‌కి వచ్చి చేరారని, తమ సీట్లు, భూములు పోయాయని గోండులు అంటారు. 2017లో ఆ గొడవ ఎంత దూరం పోయిందో అందరం చూశాం. రాష్ట్రం మారడమంటే అక్కడ ముందునుంచీ ఉన్న పేదవాడి కంచం పక్కన మన కంచం పెట్టడం కూడా.

మన ప్రాంతం నుంచే రాష్ట్రం మారి బాగుపడ్డ వాళ్ళు లేరా? ఉన్నారు. తుంగభద్ర కాలవలు వచ్చాక కోస్తా రైతులు ఇక్కడ భూమి అమ్ముకుని గంగావతి, సింధనూరు వైపు పోయి ఎక్కువ ఎకరాలు కొన్నారు. వాటిని ఇప్పటికీ ఆంధ్రా క్యాంపులు అంటారు. వాళ్ళు పోగలిగారు ఎందుకంటే వాళ్ళ ఆస్తి డబ్బుగా మారి పొలిమేర దాటింది. మన ఆస్తి ఏంటి? కొందరికి డీ-పట్టా భూమి. 1977 చట్టం దాని అమ్మకాన్నే నిషేధించింది. చాలామందికి అదీ లేదు, కౌలే. మిగిలింది ఎస్టీ సర్టిఫికెట్, హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్. ఇవి పొలిమేర దాటవు. ఆ రైతుకీ మా అన్నకీ తేడా అక్కడుంది.

మరి హైదరాబాద్ అయితే? 2014 జూన్ 2 దాకా అది మన రాష్ట్రమే. ఇప్పుడు వేరు. పైగా రెండు తెలుగు రాష్ట్రాల్లో 371-డి కింద లోకల్ లెక్క ఉంది. అది ప్రధానంగా పిల్లలు ఎక్కడ చదివారో దాన్ని బట్టి వస్తుంది. ఆంధ్రలో 1975 నాటి ఉద్యోగాల ఉత్తర్వు పదో తరగతితో ముగిసే నాలుగేళ్ళ చదువు చూసింది. తెలంగాణ 2018 ఉత్తర్వు ఒకటి నుంచి ఏడు దాకా చూసి కనీసం నాలుగేళ్ళు అడుగుతుంది. ఐదో తరగతి పిల్లని మధ్యలో లేపి తీసుకుపోతే అక్కడా లోకల్ కాకుండా, ఇక్కడా లోకల్ కాకుండా పోయే ప్రమాదం ఉంది. పెద్దవాళ్ళు ఎక్కడ కూలి చేశారో ఎవరూ అడగరు. పిల్ల ఏ బడిలో చదివిందో స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు.

ఇంకో సంగతి. మా తండా వాళ్ళు బెంగళూరు వైపు చూస్తుంటే, మిర్చి కోతల కాలంలో ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి కుటుంబాలు మా చేలల్లోకి దిగుతాయి. గట్ల మీద పట్టాలు కట్టుకుని ఉంటారు. వాళ్ళకి గుంటూరే బెంగళూరు. వాళ్ళ పిల్లల కోసం అక్కడ సీజనల్ హాస్టళ్ళు పెట్టారు, అయినా కొందరు పిల్లలు తల్లుల వెంట వచ్చి మిరపకాయలు కోస్తూ కనిపిస్తారు. బాగుపడే చోటు అని ఒకటి ఎక్కడా రాసిపెట్టి లేదు. ఒకరు వదిలిపోయే ఊరే ఇంకొకరు వెతుక్కుంటూ వచ్చే ఊరు.

చివరికి అన్నకి ఫోన్ చేసి ఇలా చెప్పా. "రాష్ట్రం గురించి తర్వాత చూద్దాం అన్నా. ముందు ఇంట్లో ఎవరెవరు పోవాలో చూడు. కూలి ఎక్కడైనా దొరుకుద్ది, నువ్వూ వదినా బెంగళూరు పోండి. పాపని మాత్రం ఇక్కడే గురుకులంలో వేద్దాం. పది అయ్యేదాకా కదిలించొద్దు." అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు చిన్నప్పుడు గురుకులంలో ఎంత ఏడ్చావో గుర్తుందా?" అన్నాడు.

గుర్తుంది. ఆదివారం గేటు దగ్గర యాడి కోసం సాయంత్రం దాకా నిలబడేదాన్ని. ఆ ఏడుపే నన్ను డిగ్రీ దాకా తెచ్చిందని గొప్పగా చెప్పుకోవడం నాకిష్టం లేదు. అమ్మానాన్న దగ్గర ఉంటే సీటు పోతుంది, సీటు ఉండాలంటే అమ్మానాన్న దూరం కావాలి. పదేళ్ళ పిల్లకి ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమనడం తప్పు. కానీ ఇవాళ్టికి మా దగ్గర ఉన్న దారి ఇదే. పాప ఇక్కడే ఉంటుంది. నా హాస్టల్ నుంచి గురుకులానికి గంటన్నర బస్సు. ప్రతి రెండో ఆదివారం నేను పోతానని అన్నకి మాటిచ్చా.

మీ ఇళ్ళల్లో కూడా ఇదే మాట నడుస్తుంటే, సామాను సర్దుకునే ముందు ఇంట్లో వాళ్ళతో కూర్చుని ఒక కాగితం మీద రెండు గీతలు గీయండి. ఒకవైపు మనతో వచ్చేవి, ఇంకోవైపు రానివి. పిల్లల స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ భద్రంగా పెట్టుకోండి, ఆ ఏడాది జీవోలు చూసుకోండి. వేరే రాష్ట్రం పోయి వచ్చినవాళ్ళు ఉంటే మీకు ఏం జరిగిందో కింద రాయండి. రేపు ఇంకో తండాలో ఇంకో అన్న ఇదే ప్రశ్న అడుగుతాడు. అప్పుడు చెప్పేవాళ్ళకి పనికొస్తుంది.