బందరు రైలు రాకముందు

ఏరా, గంటన్నరలో బెజవాడ చేరిపోయానని తెగ చెప్తున్నావు. ఇలా మంట దగ్గరికి జరుగు, మా తాతయ్య నోట విన్న సంగతి చెప్తా.

1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి కాలవలే దారులు. బందరు నుంచి బెజవాడకి పడవ ఎక్కితే ఎదురునీరు. గట్టు మీద ఇద్దరు తాడు భుజానేసుకుని లాగాలి. లాకు దగ్గర తలుపులు మూసి నీరు ఎక్కేదాకా కూర్చోవడమే. ఆలోగా ఆడవాళ్ళు గట్టున పొయ్యి రాజేసి అన్నం వార్చేసేవాళ్ళట! ఎండాకాలం కాలవ కట్టేస్తే అదీ లేదు, ఎడ్లబండే గతి. మన అక్కుళ్ళ బియ్యం మద్రాసు వెళ్ళిందీ పడవల మీదే, కొమ్మమూరు కాలవలోంచి.

బెజవాడకి సికింద్రాబాదు రైలు 1889లో వచ్చింది. 1893లో కృష్ణ మీద వంతెన, 1899కి మద్రాసు దారి. మన బందరు లైను 1908లో. అప్పటిదాకా బందరు సరుకు చిన్న పడవల్లో మోసుకెళ్ళి, దూరాన లంగరేసిన ఓడలకెక్కించాలి. రైలుండగా షావుకార్లకి ఆ పాట్లెందుకు? బస్తాలు స్టేషను దారి పట్టాయి, మిల్లులూ వాటి వెనకే. 1928లో భీమవరం లైను కలిశాక గుడివాడ దశ తిరిగింది. మన కవుతరంలో రేవు దగ్గర పూటకూళ్ళిల్లు నడిపినావిడ స్టేషను ఎదటికి మార్చేసింది, గడుసు మనిషి. నా చిన్నప్పుడు పొద్దున బండికి కిటికీ చువ్వలన్నిటికీ పాలబిందెలే వేలాడేవి.

అన్నీ లాభాలే అనను. రైలు కట్టకి మట్టి రెండు పక్కలా తవ్వారు. ఆ గుంటల్లో కొర్రమీను బాగా దొరికేదిలే. కానీ పల్లపు నేలకి అడ్డంగా అంత కట్ట పడితే నీరెటు పోతుంది? తూములు చాలక ఎగువ చేలు రోజుల తరబడి మునిగేవి. నాట్లు కుళ్ళిపోతుంటే చూడలేక రాత్రిపూట పలుగులు పట్టుకెళ్ళినవాళ్ళున్నారు, పేర్లెందుకులే. తుఫాను పట్టినప్పుడు మాత్రం వాళ్ళూ గొడ్లని తోలింది ఆ కట్ట మీదికే.

కృష్ణకి అవతల తెనాలి నుంచి రేపల్లెకి 1916లోనే రైలు పడింది. దివిసీమకి లేదు. మా చెల్లెల్ని నాగాయలంక ఇచ్చేటప్పుడు, "రేపో మాపో మాకూ రైలొస్తుంది బావగారూ" అన్నాడు దాని మామగారు. దానికిప్పుడు మునిమనవలు. ఇప్పటికీ బస్సెక్కి బందరొచ్చి, అక్కడ రైలెక్కుతుంది.