పేరు లేని రక్తపు బొట్టు

1985 మార్చి నెలలో అమెరికాలో హెచ్.ఐ.వి. రక్తపరీక్షకు మొదటిసారి అనుమతి లభించెను. ఎలీసా అను ఈ పద్ధతి నేరుగా వైరసును వెదకదు. వైరసు నెదుర్కొనుటకు శరీరము తయారుచేసికొన్న ప్రతిరక్షకములను, అనగా ఆంటీబాడీలను పట్టును. ఇవి పుట్టుటకు కొన్ని వారములు కావలెను. కనుక వ్యాధి సోకిన తొలి దినములలో 'లేదు' అను ఫలితము వచ్చినను, కొంత కాలము పిదప మరల పరీక్షింపవలసియుండును.

మరుసటి యేడు, 1986లో, మదరాసు వైద్య కళాశాలలో సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల మన దేశములో ఈ వైరసు ఉనికిని బయటపెట్టిరి. నిర్మల సేకరించిన రక్తమును వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు తీసికొనిపోయి పరీక్షించిరి.

పరీక్ష వచ్చెను గాని, పరీక్షకు వచ్చువారేరీ? గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో ఒకరు ఆసుపత్రికి పోయినచో ఎందుకు పోయిరో సాయంత్రమునకు వీధి యంతయు తెలియును. అందువలన వ్యాధి ఎంత వ్యాపించినదో తెలిసికొనుటకు ప్రభుత్వము వేరొక మార్గము త్రొక్కెను. ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు సిఫిలిస్ పరీక్ష కొరకు తీసిన రక్తములో మిగిలిన భాగమును, పేరు తొలగించి, హెచ్.ఐ.వి.కి పరీక్షించెడివారు. లెక్కకిది మంచి ఉపాయమే. ఆ తల్లికి మాత్రము తన సంగతి ఎన్నటికిని తెలియదు.

ఆ లెక్కయు సరికాదని గుంటూరు జిల్లాయే చూపినది. గుంటూరు మిర్చి యార్డులో వర్తకుడు టిక్కీలనుండి మచ్చు తీసి ధర కట్టును. తాలుకాయలు ఏరి పోసిన కుప్పనుండియే మచ్చు తీసినచో పంట యంతయు తాలే యనిపించును గదా! జరిగినది ఇంచుమించు అదియే. ప్రైవేటు వైద్యులు అనుమానము కలిగిన రోగులను ప్రభుత్వాసుపత్రులకు పంపుచుండిరి. అక్కడికి వచ్చువారిలో బీదలును ఎక్కువ. 2004-05లో హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పరిశోధకులు జిల్లాలోని 66 పల్లె, పట్టణ ప్రాంతములలో 15 నుండి 49 సంవత్సరముల వారిని ఇండ్లకు పోయి కలిసికొనిరి. 12,617 మంది రక్తమిచ్చిరి. వేలిని గ్రుచ్చి, బొట్లను వడపోత కాగితముపై ఆరబెట్టి ప్రయోగశాలకు పంపిరి. వ్యాధి సోకినవారు నూటికి 1.72 అని తేలెను. అనగా జిల్లాలో సుమారు 45,900 మంది. పాత పద్ధతి ప్రకారము ఆ సంఖ్య సుమారు 1,12,600.

దాదాపు అదే కాలమున, 2005-06లో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో లక్షమందికి పైగా రక్తము పరీక్షించిరి. పేరును ఫలితముతో జోడించు వీలు లేకుండ చేసిరి. తన ఫలితము తెలిసికొనగోరువారికి ఉచిత పరీక్షాకేంద్రమునకు పోవుటకు చీటీ ఇచ్చిరి. గర్భిణుల రక్తమునకు కలుగని మర్యాద ఇది. 2007లో దేశపు అంచనా యాబది లక్షలకు పైనుండి ఇరువదియైదు లక్షలకు దిగెను.

ఇక కళాశాల విద్యార్థి మాట. ప్రత్తి పొలముల నుండి చదువుకు వచ్చి, గుంటూరులోనో ఒంగోలులోనో గదిలో నుండు కుర్రవాడు సందేహము కలిగినచో ఏమి చేయును? స్వచ్ఛంద పరీక్షాకేంద్రములు 1997లో మన దేశములో ప్రారంభమైనవి. కాని మందు లేని దినములలో 'ఉన్నది' అను ఫలితము వలన నింద దక్కుటయే గాని లాభము తక్కువ. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఉచితముగా మందు లిచ్చుట మొదలిడిన తరువాతనే తెలిసికొనుటకు అర్థమేర్పడినది. ఒక పరీక్షతో తేల్చివేయరు. వేరువేరు కిట్లతో మూడుసార్లు సరిచూచిన పిదపనే 'ఉన్నది' అని చెప్పుదురు.

2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము అంగీకారము లేనిదే ఎవరికిని ఈ పరీక్ష చేయరాదు. ముందును వెనుకను సలహా చెప్పవలెను. 18 నిండిన విద్యార్థి తన అంగీకారము తానే ఇచ్చును. పేరు లేని సర్వేలకు ఈ అంగీకారము నుండి మినహాయింపు గలదు. అయితే రక్తమిచ్చువారికి అది దేనికొరకో ముందుగా చెప్పి తీరవలెను.